కుర్దుల హక్కుల కోసం ఉత్తరం రాయాలనుకునే వాళ్లకి

ముందే చెబుతున్నా, నేను లాయర్ని కాను, జర్నలిస్టునీ కాను. ఉత్తర లండన్‌లో చిన్న చిన్న దుకాణాలకు లెక్కలు రాసిపెడుతుంటాను. సొంతూరు సూర్యాపేట. నా దగ్గరికి వచ్చే షాపుల వాళ్లలో సగం మందికి పైగా కుర్దులు. వాళ్లలోనూ ఎక్కువమంది టర్కీలోని మరాష్ వైపు నుంచి వచ్చిన అలెవీలు, అంటే అక్కడి ఒక అల్పసంఖ్యాక మతశాఖ వాళ్లు. వ్యాట్ పని అయ్యాక టీ తాగుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఆ కబుర్లలోంచి "ఈ ఉత్తరం కాస్త ఇంగ్లీషులో రాసిపెట్టు" అనే పని తగులుకుంది. అది ఇప్పటికీ వదల్లేదు. ఈ మధ్య ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలు కూడా అడుగుతున్నారు, "అక్కా, మేమేమైనా చేయొచ్చా, వీసాకి ఇబ్బంది రాదు కదా?" అని. చేయొచ్చు. ఇబ్బంది రాకుండా ఎలా చేయాలో కూడా చెబుతాను.

నేను చూసినంతలో ఫలితం ఇచ్చే పద్ధతి ఒకటే. ఒక ఉత్తరంలో ఒకే కోరిక ఉండాలి. ఆ పని ఎవరి సంతకంతో అవుతుందో వాళ్లకే అది వెళ్లాలి. వాళ్లు ఇప్పటికే ఒప్పుకుని సంతకం పెట్టిన కాగితాన్నే వాళ్లకు చూపించాలి. "కుర్దులకు న్యాయం చేయండి" అని రాస్తే చదివినాయన అయ్యో పాపం అనుకుని పక్కన పెట్టేస్తాడు. "ఫలానా ఒప్పందంలోని ఫలానా ఆర్టికల్ గురించి మీరు టర్కీని అడిగారా, లేదా?" అని రాస్తే మాత్రం ఎవరో ఒకరు కూర్చుని జవాబు తయారుచేయాల్సిందే.

ముందు దేశం తేల్చుకోండి

కుర్దులు మూడు కోట్లకు పైనే ఉంటారు. టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియా అనే నాలుగు దేశాల్లో పరుచుకుని ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1920లో సెవ్ర్ ఒప్పందం వాళ్లకు స్వయంపాలన ఆశ చూపించింది. 1923 జులై 24న లోజాన్‌లో కుదిరిన ఒప్పందంలో వాళ్ల పేరే లేదు. ఈ కథ అందరూ చెబుతారు, మీకూ చెబుతారు. వినండి, కానీ ఉత్తరంలో పెట్టకండి. నూరేళ్ల చరిత్రకు జవాబు రాసే గుమాస్తా ఏ ఆఫీసులోనూ ఉండడు.

ఒక్కో దేశంలో సమస్య ఒక్కో రకం. సిరియాలో 1962లో హసకా ప్రాంతంలో జనాభా లెక్కలు తీసి, దాదాపు 1,20,000 మంది కుర్దుల పౌరసత్వం తీసేశారు. కాబట్టి అక్కడి గొడవ చాలా ఏళ్లపాటు ఎక్కువగా కాగితాల గొడవగానే సాగింది. ఇరాన్‌లో ప్రాణాల మీదికి వస్తుంది. 2022లో పోలీసుల అదుపులో ఉండగా చనిపోయిన మహసా జినా అమీని సఖెజ్ నుంచి వచ్చిన కుర్దు అమ్మాయే. ఆ దేశ రాజ్యాంగం 15వ ఆర్టికల్ ప్రాంతీయ భాషల సాహిత్యాన్ని బడిలో చెప్పుకోవచ్చంటుంది. అయినా సనందజ్‌లో కుర్దిష్ పాఠాలు చెప్పిన జారా మొహమ్మదీని జైల్లో పెట్టారు. ఇరాక్‌లో సంగతి వేరు. 1988 మార్చి 16న హలబ్జా మీద రసాయన బాంబులు పడి దాదాపు 5,000 మంది చనిపోయారు. 2005 రాజ్యాంగం కుర్దిష్‌ని అరబిక్‌తో పాటు అధికార భాషగా ఒప్పుకుంది. ఇప్పుడక్కడ కుర్దుల సొంత ప్రభుత్వమే ఉంది, ఆ ప్రభుత్వమే విలేఖరుల్ని జైల్లో వేస్తోంది. దాని గురించీ రాయండి. కుర్దు నాయకుడు చేస్తే తప్పు కాదన్నట్టు ఊరుకుంటే, రేపు అంకారా గురించి మీరు రాసినదాన్ని ఎవరూ లెక్కచేయరు.

నాకు బాగా తెలిసింది టర్కీ, అందుకే మిగతాదంతా దాని మీదే చెబుతాను.

భాష దగ్గర మొదలుపెట్టడం తేలిక

మా క్లయింట్ ఒకాయన కూతురు కుర్దుల కొత్త సంవత్సరం పండగ నెవ్రోజ్ రోజు పుట్టింది, ఆ పేరే పెట్టుకున్నారు. లండన్ జనన ధ్రువపత్రంలో ఆ పేరు డబ్ల్యూతో ఉంటుంది. టర్కీ కార్డులో వీతో ఉంటుంది. ఎందుకంటే 1928 నాటి టర్కీ లిపి చట్టంలో క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాలు లేవు. లేని అక్షరంతో పేరు నమోదు చేయం అన్నారు. ఒకే పిల్లకి రెండు స్పెల్లింగులు. ఫారం నింపిన ప్రతిసారీ వివరణ జతచేయాల్సి వస్తుంది. 2013 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ప్రజాస్వామ్య సంస్కరణల ప్యాకేజీ అని ప్రకటించి ఈ అక్షరాల మీద పట్టు సడలించింది. సంస్కరణ అంటే నాకు కనిపించేది ఇలాంటిదే. దానితో ఒక కుటుంబం ఒక ఫారం తక్కువ నింపుతుంది.

అక్కడిదాకా రావడానికే ఎన్నేళ్లు పట్టిందో చూడండి. 1983లో తెచ్చిన ఒక చట్టం కుర్దిష్ అనే పేరెత్తకుండానే ఆ భాషలో అచ్చు వేయడాన్ని నిషేధించింది. 1991లో దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది ఎంపీగా గెలిచిన లైలా జానా పార్లమెంటులో టర్కిష్‌లో ప్రమాణం చేసి, చివర కుర్దిష్‌లో ఒక్క వాక్యం కలిపింది. ఈ ప్రమాణం టర్కీ, కుర్దు ప్రజల సోదరభావం కోసం అని ఆ వాక్యానికి అర్థం. సభలో కేకలు లేచాయి. 1994లో అరెస్టు చేసి, ఉగ్రవాద సంస్థతో సంబంధం ఉందన్న అభియోగం మీద 15 ఏళ్ల శిక్ష వేశారు. ఆమె బయటికి వచ్చింది 2004లో. 2009 జనవరి 1న ప్రభుత్వమే కుర్దిష్ టీవీ చానెల్ మొదలుపెట్టింది. 2012 నుంచి ఐదో తరగతి మొదలు అక్కడి కుర్దులు మాట్లాడే కుర్మంజీ, జాజాకీ ఐచ్ఛిక పాఠాలుగా వచ్చాయి. పార్లమెంటు చర్చల రికార్డులో మాత్రం ఎవరైనా కుర్దిష్‌లో మాట్లాడితే, ఆ మాటల చోట ఒక ఎక్స్ గుర్తు పెట్టి, కింద టర్కిష్ కాని మాటలు పలికారని రాసేవారు. 2025 ఆగస్టులో, పీకేకే అనే కుర్దు సాయుధ సంస్థతో పోరు ముగించే శాంతి ప్రక్రియ కోసమే వేసిన పార్లమెంటు కమిషన్ ముందుకు, ఆ పోరులో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల బృందం 'శాంతి మాతలు' నుంచి ఒకావిడ వచ్చింది. ఆమెని కూడా కుర్దిష్‌లో మాట్లాడనివ్వలేదు.

ఇందులోంచి ఒకే కోరిక తీసుకోండి. నా లెక్కలో గట్టి కోరికలు మూడున్నాయి. మొదటిది, పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం. 2003లో టర్కీ దాన్ని ఆమోదించింది. అల్పసంఖ్యాకుల భాష, సంస్కృతుల గురించి చెప్పే 27వ ఆర్టికల్‌ని మాత్రం తన రాజ్యాంగానికీ లోజాన్ ఒప్పందానికీ లోబడే చూస్తానని షరతు పెట్టుకుంది. ఆ షరతు తీసేయమని అడగొచ్చు. తమాషా ఏంటంటే, ఆ లోజాన్ ఒప్పందం 39వ ఆర్టికలే టర్కీ పౌరుడెవరైనా వ్యాపారంలో, పత్రికల్లో, సభల్లో ఏ భాషైనా వాడుకోవచ్చని చెబుతుంది. రెండోది, ఐచ్ఛిక పాఠాలకు టీచర్లు. పాఠం కాగితం మీద ఉంది, వేలల్లో టీచర్ల నియామకాలు జరుగుతుంటే కుర్దిష్‌కి దక్కేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లల తల్లిదండ్రులు దరఖాస్తు పెడితే టీచరు లేరని జవాబు వస్తుంది. మూడోది, యూరప్ మానవ హక్కుల కోర్టు తీర్పుల అమలు. మాతృభాషలో బోధన పెద్ద కోరిక. రాజ్యాంగం 42వ ఆర్టికల్ టర్కిష్ తప్ప వేరే భాషని మాతృభాషగా బోధించకూడదంటుంది, కాబట్టి దానికి రాజ్యాంగ సవరణే కావాలి. లండన్ ఎంపీ ఉత్తరంతో అయ్యే పని కాదది. అక్కడి పార్టీలు మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయం.

కాగితం సంపాదించడం

యూరప్ మానవ హక్కుల కోర్టు తీర్పులన్నీ హుడోక్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వార్త చదివి రాయకండి, తీర్పు చదివి రాయండి. ఉదాహరణకి కేసు నంబర్ 14305/17 కొట్టండి. కుర్దుల హక్కుల వైపు నిలిచిన హెచ్‌డీపీ పార్టీకి అప్పట్లో నాయకుడైన సెలాహత్తిన్ దెమిర్తాష్ కేసు వస్తుంది. 2015 జూన్ ఎన్నికల్లో ఆ పార్టీ 13 శాతం ఓట్లు, 80 సీట్లు తెచ్చుకుంది. 2016 నవంబర్ 4న ఆయన్ని అరెస్టు చేశారు. 2020 డిసెంబర్ 22న కోర్టు గ్రాండ్ ఛాంబర్ ఆ నిర్బంధం వెనక రాజకీయ ఉద్దేశం ఉందని తేల్చి, వెంటనే విడుదలకు ఏర్పాట్లు చేయమంది. తీర్పు వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఆయన్ని జైల్లోనే ఉంచారు.

తీర్పు పెద్దది, అంతా చదవనక్కర్లేదు. చివర్లో "ఈ కారణాల వల్ల" అని మొదలయ్యే భాగం ఉంటుంది, కోర్టు ఏం తేల్చిందో వరుసగా ఉంటుంది. ఉత్తరంలోకి తీసుకోవాల్సింది అక్కడి నుంచే. తీర్పు అమలైందో లేదో చూసేది కౌన్సిల్ ఆఫ్ యూరప్‌లోని మంత్రుల కమిటీ. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది కానీ ఆ కౌన్సిల్‌లో ఇంకా సభ్యదేశమే. ఇది చాలామంది ఎంపీలకే గుర్తుండదు, ఉత్తరంలో ఒక వాక్యంగా రాయండి. స్వచ్ఛంద సంస్థలైతే 9వ నియమం కింద ఆ కమిటీకి నేరుగా నివేదిక పంపొచ్చు. మీకు మీరుగా పంపలేరు, ఏదైనా సంస్థతో కలిసి చేయాలి.

ఉత్తరం ఇలా ఉండాలి

బ్రిటన్‌లో ఉండే భారతీయులకు ఒక సౌకర్యం ఉంది. కామన్వెల్త్ పౌరులం కాబట్టి స్టూడెంట్ వీసా మీద ఉన్నా ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు నమోదు చేసుకోవచ్చు. అంటే ఎంపీకి మీరు పరాయివాళ్లు కాదు, ఓటరు. ఉత్తరం మీద పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్ తప్పనిసరిగా రాయండి. తన నియోజకవర్గం కాదనిపిస్తే ఎంపీ ఆఫీసు జవాబు ఇవ్వదు.

నేను రాసే ఉత్తరం సారం ఇది.

"నేను మీ నియోజకవర్గంలో ఫలానా వీధిలో ఉంటాను. టర్కీ 2003లో పౌర, రాజకీయ హక్కుల ఒప్పందాన్ని ఆమోదిస్తూ 27వ ఆర్టికల్ మీద షరతు పెట్టింది. దాన్ని ఉపసంహరించుకోమని మన ప్రభుత్వం టర్కీని అడిగిందా, అడిగితే ఎప్పుడు అడిగింది అని విదేశాంగ శాఖకు లిఖితపూర్వక ప్రశ్న వేయగలరా? జవాబు రాగానే నాకు ఒక కాపీ పంపమని మనవి."

అంతే. దారుణం, ఘోరం, మారణహోమం లాంటి మాటలు ఇందులో లేవు. అవి అబద్ధాలని కాదు. మరాష్‌లో 1978 డిసెంబర్‌లో అలెవీల మీద జరిగిన ఊచకోత ఘోరం కాక ఇంకేంటి? కానీ ఆ మాట పడగానే చదివేవాళ్లు మీరు ఏ పక్షమో ఊహించుకోవడం మొదలుపెడతారు, అడిగిన ప్రశ్న పక్కకు పోతుంది.

మొదటి జవాబు ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పేయగలను. "టర్కీతో మానవ హక్కుల అంశాలను మా ప్రభుత్వం క్రమం తప్పకుండా ప్రస్తావిస్తోంది" అని ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే నీరుగారిపోతారు. నాకైతే అసలు పని అప్పుడే మొదలైనట్టు. రెండో ఉత్తరం రాయండి, "చివరిసారి ప్రస్తావించింది ఏ తేదీన, ఏ స్థాయిలో, ఈ ఆర్టికల్ పేరు ఎత్తారా?" అని. మా షాపుల వాళ్లు "ఖర్చులు అయ్యాయండీ" అంటే నేను రశీదు అడిగినట్టే ఇదీ. ఈ రెండో ఉత్తరానికి జవాబు ఆలస్యంగా వస్తుంది కానీ కాస్త పనికొచ్చే విషయంతో వస్తుంది. ఒక్కోసారి "ఈ ప్రత్యేక అంశాన్ని ప్రస్తావించలేదు" అని ఒప్పుకుంటారు. ఆ వాక్యం చాలా విలువైంది, దాచుకోండి.

ఎంపీలు వారాంతాల్లో జనాన్ని నేరుగా కలుస్తారు, దాన్ని సర్జరీ అంటారు. వెళ్లేటప్పుడు ఒక కుర్దు ఓటర్ని వెంట తీసుకెళ్లండి, మాట్లాడేది వాళ్లని మాట్లాడనివ్వండి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో అర్జీ పెట్టడం కూడా ఒక దారే. 10,000 సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబివ్వాలి, 1,00,000 వస్తే చర్చకు పరిశీలిస్తారు. సంతకాలు కూడగట్టే ఓపికని ఉత్తరాల మీద పెడితే మేలని నా అభిప్రాయం.

టర్కీవాళ్లతో కూర్చోవడం

ఉత్తరాలకన్నా కష్టం ఇది. లైబ్రరీలో ఒక గది తీసుకుని ఇరుపక్షాల వాళ్లనీ పిలిచి మాట్లాడించడం. మేం అప్పుడప్పుడు చేస్తుంటాం. జెండాలు, నాయకుల ఫోటోలు తేకూడదు. రెండు భాషల నుంచీ అనువాదం చేసే మనిషి ఉండాలి. ఎవరు ముందు మొదలుపెట్టారన్న ప్రశ్న ఆ రోజుకి వద్దు. ఈ ప్రశ్న రాకుండా చూడటమే నిర్వహించేవాళ్ల ప్రధానమైన పని. టర్కీ ప్రభుత్వానికీ పీకేకేకీ మధ్య 1984 నుంచి సాగిన పోరులో 40,000 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో నిర్బంధ సైనిక సేవకు వెళ్లిన కుర్రాళ్లూ ఉన్నారు.

ఒకసారి ఒక టర్కీ పెద్దాయన వచ్చాడు, డ్రై క్లీనింగ్ షాపు ఆయనది. ఆయన అన్న కొడుకు టర్కీలోని హక్కారీలో సైన్యంలో ఉండగా చనిపోయాడు. చాలాసేపు మాట్లాడాడు, ఎవరినీ మధ్యలో కల్పించుకోనివ్వలేదు నేను. అంతా అయ్యాక "బడిలో కుర్దిష్ పాఠం గురించి మీరేమంటారు బాబాయ్?" అని అడిగాను. టర్కీవాళ్లలో కూడా పెద్దవాళ్లని బాబాయ్ వరస కలిపే పిలుస్తారు, అది మనకు అలవాటే కాబట్టి సులువు. "పాఠంగా చెప్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు. బడంతా ఆ భాషలో అంటే మాత్రం ఒప్పుకోను" అన్నాడు. ఎదురుగా కూర్చున్న కుర్దు కుర్రాడికి ఆ రెండో మాట మింగుడుపడలేదు. లేచి వెళ్లిపోబోయాడు. వాళ్ల అమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. చివరికి ఐచ్ఛిక పాఠాలకు టీచర్లను వేయమని అడిగే ఉత్తరం మీద ఇద్దరూ సంతకం పెట్టారు. మిగతా విషయాల్లో ఎవరి అభిప్రాయం వాళ్లకే ఉంది. టర్కీ పేరున్న సంతకం ఒకటి ఉంటే ఆ ఉత్తరం బరువే వేరు.

ఎలా నిలబడాలో నేర్చుకోవాలంటే ఇస్తాంబుల్‌లోని శనివారం తల్లుల్ని చూడండి. 1995 మే 27 నుంచి గలతసరాయ్ కూడలిలో, మాయమైపోయిన తమవాళ్ల ఫోటోలు పట్టుకుని నిశ్శబ్దంగా కూర్చోవడం మొదలుపెట్టారు. 2018లో 700వ వారం నాడు పోలీసులు చెదరగొట్టారు. వాళ్ల కోరిక మాత్రం మారలేదు. మా మనిషి ఎక్కడున్నాడు, చేసినవాళ్లెవరు?

జాగ్రత్తలు

ఇవి తేలిగ్గా తీసుకోకండి. పీకేకేని బ్రిటన్ 2001లోనే నిషేధించింది. నిషేధిత సంస్థకు మద్దతు కూడగట్టడం, దాని గుర్తులు బయట ప్రదర్శించడం ఇక్కడ నేరం. 2025 మే 12న ఆ సంస్థ తనను తాను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది, జులైలో ఇరాక్‌లోని సులేమానియా దగ్గర ఆ సంస్థవాళ్లు కొందరు తమ తుపాకుల్ని మంటల్లో వేసి తగలబెట్టారు. అంతమాత్రాన ఇక్కడి నిషేధం దానంతట అది పోదు. ర్యాలీకి వెళ్లేముందు హోం ఆఫీసు జాబితా చూసుకోండి. ఎవరో చేతికిచ్చిన జెండా పట్టుకుని ఫోటో దిగకండి. వీసా మీద ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా.

కుర్దు స్నేహితుల పేర్లు, ఫోటోలు అడక్కుండా ఎక్కడా పెట్టకండి. టర్కీ ఉగ్రవాద నిరోధక చట్టంలో 7వ ఆర్టికల్ రెండో భాగం ప్రచారం అనే నేరం గురించి చెబుతుంది. సోషల్ మీడియా పోస్టుల మీద కూడా ఆ కేసులు పెట్టారు. మీరు లండన్‌లో ట్యాగ్ చేసిన మనిషి వేసవి సెలవులకు ఊరికి వెళ్తే ఎయిర్‌పోర్టులో ఆపుతారేమోనన్న టెన్షన్ మీకు ఉండదు, వాళ్లకు ఉంటుంది. జైల్లో ఉన్నవాళ్ల కేసు అయితే కుటుంబం ఒప్పుకుంటేనే ముట్టుకోండి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు

మీకు ఎంపీ దారి అంత కలిసిరాదు కానీ ఇంకో దారి ఉంది. ఇరాన్, టర్కీ రెండింటికీ హైదరాబాద్‌లోనే కాన్సులేట్‌లు ఉన్నాయి. కాన్సుల్ జనరల్‌ని ఉద్దేశించి మర్యాదగా ఇంగ్లీషులో ఒక పేజీ రాసి, స్పీడ్ పోస్టులో పంపండి. ఇరాన్‌కి రాసేటప్పుడు వాళ్ల రాజ్యాంగంలోని 15వ ఆర్టికల్ పేరెత్తండి, మన నీతులు చెప్పకండి. జవాబు రాకపోవచ్చు. అయినా వచ్చిన ఉత్తరాల సంగతి తమ రాజధానికి చెప్పడం ఏ కాన్సులేట్ పనిలోనైనా భాగమే.

తెలంగాణ నుంచి ఎర్బిల్‌కి పనికి వెళ్లి ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్లు కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎంతోమంది ఉన్నారు. ఎర్బిల్ ఇరాకీ కుర్దిస్తాన్ రాజధాని, అక్కడ భారత కాన్సులేట్ ఉంది. వలస కూలీల జీతాల గురించి కుర్దిస్తాన్ ప్రభుత్వాన్ని అడిగే ఉత్తరం కూడా ఈ కోవలోకే వస్తుంది. అక్కడి కార్మిక చట్టం తెలిసినవాళ్లతో ఒకసారి చూపించుకుని రాయండి.

ఏ ఉత్తరమైనా పంపిన తేదీ, ఎవరికి, అడిగిందేమిటి, జవాబు వచ్చిన తేదీ అని నాలుగు గడులతో ఒక షీట్ పెట్టుకోండి. నెల దాటినా జవాబు రాకపోతే పాత ఉత్తరం కాపీ జతచేసి మళ్లీ పంపండి. ఎన్నికలై ఎంపీ మారితే పాత ఉత్తరాల కట్ట మొత్తం కొత్త ఎంపీ ఆఫీసులో ఇవ్వండి. అంతకుముందు వచ్చిన మంత్రి జవాబుల్ని అన్నిటికన్నా పైన పెట్టండి.